పెరటి గుమ్మం తీర్పు

దువ్వెనక్కకు కోపం వస్తే మాట్లాడదు, నార దువ్వుతుంది. ఇనుప పళ్ళు నిలబెట్టిన పలక మీద గుప్పెడు నార పడేసి రెండు చేతులా లాగుతుంది. ఆ చప్పుడును బట్టి ఆ ఇంట్లో ఎండ ఎంత కాస్తోందో వీధిలో వాళ్ళు చెప్పేసేవాళ్ళు. "ఇవాళ ఆయనకు భోజనం ఆలస్యమే" అని నవ్వుకునేవాళ్ళు. ఆ వారం మాత్రం పొద్దస్తమానం దువ్వెన చప్పుడు వినిపించినా ఎవరూ నవ్వలేదు.

ఆమె భర్త మంచంలో ఉన్నాడు. వాడలో పేనిన మోకు అప్పగించడానికి రేవుకు వెళ్తే, ఓడలోకి సరుకు ఎత్తుతుండగా అది అతుకు దగ్గర విడిపోయి, పెట్టె వచ్చి అతని తుంటి మీద పడింది. కర్ర పట్టుకుని నడుస్తాడని డాక్టరు ధైర్యం చెప్పాడు. కానీ తాళ్ళు పేనేవాడికి ఆ నడక చాలదు. నడుముకు నార చుట్టుకుని, కొస చక్రానికి తగిలించి, పురి పడుతున్నకొద్దీ నార వదులుతూ, పొడవాటి కొట్టంలో ఈ చివరి నుంచి ఆ చివరికి వెనక్కి నడవాలి. ముగ్గురు పక్కపక్కనే, ఒక్కొక్కరు ఒక్కో పేటతో, ఒకే అడుగుగా నడవాలి. పెద్దమేస్త్రి కర్రతో నేల మీద తాళం వేస్తుంటాడు. ఒకడి అడుగు తప్పిందా, ఒక పేట బిగుసుకుని ఇంకో పేట వదులై తాడు బొడిపెలు కడుతుంది. అందుకే మా వాడలో పిల్లలకు నడక రాగానే మొదట నేర్పేది పక్కవాడి అడుగు చూసి అడుగు వేయడం.

వాడ తగువులు కూడా ఆ కొట్టంలోనే తీరేవి. "మీ తాళ్ళు మీరే పేనుకుంటారు, మీ చిక్కులూ మీరే విప్పుకోండి" అని రేవు అధికారులు ఏనాడో మమ్మల్ని మాకు వదిలేశారు. చక్రాలు ఆపిన సెలవు రోజున, తప్పు చేశాడన్న మనిషిని కొట్టం నడుమ నిలబెడతారు. ఇరువైపుల మాటలూ అయ్యాక, ఫిర్యాదు చేసిన మనిషి "నడవండి" అనాలి. ఆ మాట అనేదాకా ఎవరూ కదలకూడదు. ఆ తర్వాత నిర్దోషి అనుకున్నవాళ్ళు సముద్రం వైపు తలుపు దాకా నడుస్తారు. దోషి అనుకున్నవాళ్ళు తారు కాచే గది దాకా నడుస్తారు. ఎటు ఎక్కువమంది నిలబడితే అదే తీర్పు. పెద్ద తప్పుకు శిక్ష వాడ విడిచి వెళ్ళడం.

వినడానికి బాగానే ఉంటుంది. కానీ ముందుగా పెద్దమేస్త్రి నడుస్తాడు. ఆయన వెనక చక్రాల వాళ్ళు, వాళ్ళ వెనక అతుకుల వాళ్ళు, ఆడవాళ్ళు. నలుగురితో నారాయణ. ఒకేసారి రెండు తలుపుల దగ్గరా మనుషులు నిలబడిన రోజు ఎవరికీ జ్ఞాపకం లేదు. దీన్ని దుర్మార్గం అనడానికి నాకు నోరు రాదు. కాళ్ళకు పట్టిన అలవాటు అది.

ఇప్పుడు ఆ కొట్టం నడుమ నిలబడవలసినవాడు కొక్కెం. పొడుగ్గా ఉండి మెడ దగ్గర వంగి నడుస్తాడని ఆ పేరు. ఆ రోజు విడిపోయిన అతుకు వేసింది అతనే. దువ్వెనక్క భర్తకు చిన్ననాటి నుంచీ తమ్ముడి వరస. అతని మీద ఫిర్యాదు చేసింది దువ్వెనక్కే. అయినా రోజూ మధ్యాహ్నం అతను పెరటి గుమ్మం లోంచి ఆ ఇంటికే వచ్చేవాడు. మంచంలో మనిషిని పక్కకు తిప్పడానికి అత్తాకోడళ్ళ బలం చాలేది కాదు మరి.

విచారణకు ముందు రోజు కూడా వచ్చాడు.

"వదినా, ఒక చెయ్యి వేస్తావా?"

"నీతో నాకు మాటల్లేవు."

"మాటలొద్దులే, చెయ్యి చాలు."

ఇద్దరూ కలిసి ఆయన్ని తిప్పి, నడుము కింద దుప్పటి సర్దారు. కొక్కెం గిన్నెలో నీళ్ళు తెచ్చుకుని అన్న గడ్డానికి సబ్బు రాయడం మొదలుపెట్టాడు.

"ఏమే," అన్నాడు భర్త నురగ లోంచి, "వీడి మీద ఫిర్యాదు చేసిందీ నువ్వే, వీడి చేతికి కత్తిచ్చి నా మెడ అప్పగించిందీ నువ్వే. ఏమిటే నీ ధైర్యం?"

ఆమె నవ్వలేదు. మంచం కోడు పట్టుకుని నిలబడి, వారం నుంచి గొంతులో ఉన్నది అడిగేసింది.

"మూడు మలుపులూ వేశావా, లేదా? నా కళ్ళలోకి చూసి చెప్పు."

కొక్కెం కత్తి దించాడు. అతుకులో విప్పిన పేటల్ని మూడుసార్లు తాడులోకి దూర్చి మలపాలి. రెండుసార్లతో ఆపితే పైకి తేడా తెలియదు, బరువు పడినప్పుడు జారుతుంది. విడిపోయిన ముక్క నీళ్ళలో పడి పోయింది కాబట్టి చూసి చెప్పే దారి లేదు.

"వేశాననే అనుకుంటున్నా వదినా. ఆ రోజు ఓడ తొందర. అతుకు మీద అతుకు. చెయ్యి దానంతటదే వేసుకుంటూ పోతుంది. ఆ ఒక్కటీ వేశానని ఒట్టు పెట్టమంటే... పెట్టలేను."

గుమ్మం దగ్గర కూర్చుని చిరిగిన సంచి కుడుతున్న అత్త తలెత్తింది. "వెర్రి నాగన్నా! రేపు కొట్టంలో కూడా ఇలాగే వాగుతావా?"

"ఉన్నది అదే కదా పెద్దమ్మా. ఇంకెలా చెప్పను?"

"ఇక సామాను సర్దుకో అయితే. పొద్దున నీళ్ళకు పోతూ చూశాను. పెద్దమేస్త్రి తన కర్రను తారు గది గుమ్మానికి ఆనించి వచ్చాడు."

ఆ కర్ర ఎక్కడ ఉంటే ఆయన అక్కడికే నడుస్తాడు. ఆయన ఎక్కడికి నడిస్తే వాడంతా అక్కడికే. విచారణ ఇంకా మొదలే కాలేదు. కొక్కెం మిగిలిన సగం గడ్డం కూడా జాగ్రత్తగా గీసి, గిన్నె కడిగి బోర్లించి, వచ్చిన గుమ్మం లోంచే వెళ్ళిపోయాడు.

దువ్వెనక్క ఆ గుమ్మం వైపు చూస్తూ ఉండిపోయింది. ఆ ఇల్లు ఆమెకు పుట్టిల్లు కూడా; పెళ్ళయ్యాక భర్తా, అత్తా ఇక్కడికే వచ్చి చేరారు. ఆమె చిన్నప్పుడు నార కట్టలు బయటివాళ్ళకు అమ్మాడని ఆమె తండ్రిని అదే కొట్టంలో నిలబెట్టారు. మనుషులందరూ తారు గది వైపు నడిచారు. ఆయన వెళ్ళిపోయాడు. రేవు అవతలి ఒడ్డున మూటలు మోసుకుంటూ ఉండి, తిరిగి రాకుండానే పోయాడు. అయితే ఆయన వెళ్ళిన మర్నాటి నుంచి ఆ పెరటి గుమ్మం ఊరుకోలేదు. పొద్దు వాలేసరికి ఎవరో ఒకరు వచ్చేవారు. ఒకామె కాసిని వంటచెరకు తెచ్చేది, ఒకాయన పిల్లకు చెప్పులు కుట్టి తెచ్చాడు. అందరూ గొంతు తగ్గించి ఒకే మాట. "నాకు సముద్రం వైపు నడవాలనే ఉందమ్మా. కానీ అందరూ అటు పోతుంటే..." తల్లి అందరికీ దణ్ణం పెట్టి లోపలికి పోయేది. చిన్నపిల్ల మాత్రం గడప మీద కూర్చుని వచ్చినవాళ్ళ మొహాలన్నీ చూసింది. కొట్టంలో ఆమె తండ్రి దోషి. పెరటి గుమ్మం దగ్గర నిర్దోషి. మనుషులు మాత్రం వాళ్ళే.

ఆ సాయంత్రం నార దువ్వే చప్పుడు రాలేదు. లోపల కూర్చుని ఆమె సన్నటి పురికొసను వేలెడు వేలెడు ముక్కలుగా కోసింది. సంచి నిండేదాకా కోసింది.

"ఏం చేస్తున్నావే?" అని భర్త అడిగాడు.

"ఏమో. దేవుడు రేపు నోట్లో మాట పెడితే ఇవి పనికొస్తాయి. లేకపోతే పొయ్యిలో వేస్తా."

"నీ నోట్లో దేవుడు కొత్తగా పెట్టడమెందుకు, ఉన్నవి చాలవూ?" అన్నాడాయన. అని, పక్కకు తిరగబోయి తిరగలేక, "వాడు వెళ్ళిపోతే నన్ను తిప్పేదెవరే?" అన్నాడు. అది హాస్యంగా అనాలనుకున్నాడు గానీ రాలేదు.

మర్నాడు కొట్టం నిండిపోయింది. చక్రాలు ఆగిపోతే కొట్టంలో ఎంత నిశ్శబ్దమో! తారు వాసన, నార దుమ్ము, మనుషుల ఊపిరి. కొక్కెం నడుమ నిలబడి నిన్న చెప్పినదే చెప్పాడు. "ఒట్టు పెట్టలేను" అనగానే జనంలో గుసగుస పుట్టింది. పక్కకు తిరిగి చూస్తే తారు గది గుమ్మానికి పెద్దమేస్త్రి కర్ర ఆనించి ఉంది. అప్పటికే కొందరి పాదాలు అటు తిరిగి ఉన్నాయి, వాళ్ళకు తెలియకుండానే.

పెద్దమేస్త్రి చేతులు తుడుచుకున్నాడు. "చెప్పుకోవలసినవి అయిపోయాయి. అమ్మాయ్, మాట అను. నడుద్దాం."

దువ్వెనక్క లేచి నిలబడింది. అనలేదు.

"అమ్మాయ్, నిన్నే."

"అనను మేస్త్రిగారూ."

"అంటే? ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నావా?"

"తీసుకోను. నా మొగుడి తుంటి విరిగింది. ఎవరి వల్లో నాకు తెలియాలి."

"తెలియాలనే కదా నడుద్దామంటున్నాం!"

"మీరు ఎటు నడుస్తారో నాకు నిన్ననే తెలుసు. దానికి ఇంతమంది పని మానుకుని రావడమెందుకు? నాకు కావలసింది వీళ్ళందరి తీర్పు."

పెద్దమేస్త్రి మొహం ఎర్రబడింది. ఆయన చెడ్డవాడు కాదు. ఏ ఇంట్లో జ్వరం వచ్చినా మొదట గుమ్మంలో కనిపించేది ఆయనే. అందుకే ఆయనకు ఎదురు మాట్లాడటం ఇంకా కష్టం.

"వీళ్ళ కాళ్ళు నేనేమన్నా కట్టేశానా? ఇష్టమైన వైపు నడవమను. ఎవరు వద్దన్నారు?"

"ఎవరూ వద్దనలేదు. మా నాన్నప్పుడూ ఎవరూ వద్దనలేదు. ఆ తర్వాత మా పెరటి గుమ్మానికి ఎంతమంది వచ్చారో, ఏం చెప్పారో మా అమ్మకు తెలుసు, నాకు తెలుసు. పేర్లు చెప్పను. చెప్పడానికి రాలేదు."

కొట్టంలో ముసలివాళ్ళు కొందరు నేల చూశారు. ఆమె సంచి తీసి అందరి ముందు గుమ్మరించింది.

"ఒక్కొక్కరికి రెండు ముక్కలు. ఒకదానికి ముడి వేయండి, రెండోది ఉత్తగా ఉంచండి. ఒక్కొక్కరే నార గదిలోకి వెళ్ళండి. లోపల రెండు కుండలు. దోషి అనుకుంటే ముడి ముక్క, కాదనుకుంటే ఉత్త ముక్క మొదటి కుండలో వేయండి. మిగిలింది రెండో కుండలో పారేసి అవతలి తలుపులోంచి వచ్చేయండి. మొదటి కుండ మీరే లెక్కపెట్టండి."

"దాక్కుని చెప్పేది తీర్పా?" పెద్దమేస్త్రి గొంతు కొట్టం చివరిదాకా మోగింది. "ఎవరు ఎటు నిలబడ్డారో కళ్ళారా చూస్తేనే మర్నాడు మొహాలు చూసుకుని పని చేయగలం. చీకట్లో వేసిన ముక్కకు సాక్షి ఎవడు?"

"దేవుడున్నాడుగా. ఆయన చాలడా?"

"తెగేదాకా లాగకు అమ్మాయ్!"

"తెగిందనే కదా మేస్త్రిగారూ ఇక్కడికొచ్చాం."

ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు. ఆ తర్వాత చాలాసేపు ఏమీ జరగలేదు. ఆమె మాట అంటే తప్ప ఎవరూ కదలకూడదు. అది ఆయన కాపాడుతూ వచ్చిన నియమమే. పసిపిల్లలు ఏడుపు మొదలెట్టారు. పైకప్పు సందుల్లోంచి పడే ఎండ కొక్కెం భుజం మీంచి నేల మీదికి జారింది. అత్త లేచి వచ్చి, కోడలి వీపుకు తన భుజం ఆనించి నిలబడింది.

చివరికి తారు తాత దగ్గాడు. తారు కాచీ కాచీ మోచేతుల దాకా నల్లబడ్డ మనిషి.

"మేస్త్రీ, నా మోకాళ్ళ సంగతి నీకు తెలుసు. ఆ చివరిదాకా నడవాలంటే నాకు రేపొద్దున అవుతుంది. గది దగ్గర. ఏదో ఒకటి కానివ్వు."

జనం నవ్వారు. బిగబట్టిన ఊపిరి వదిలిన నవ్వు అది. పెద్దమేస్త్రి నవ్వలేదు గానీ దువ్వెనక్క వైపు తిరిగాడు.

"ఫలితం ఏదైనా మళ్ళీ నోరెత్తకూడదు. వాడు దోషి అని వచ్చినా సరే, మీ నాన్నలాగే వెళ్ళిపోవాలి. ఒప్పుకుంటావా?"

ఆమె కొక్కెం వైపు చూసింది. అతను తల ఊపాడు.

"ఒప్పుకుంటా."

అందరూ పురికొస ముక్కలు తీసుకుని ముడులు వేయడం మొదలుపెట్టారు. అంతలోనే అత్త గట్టిగా, "ఆగండి ఆగండి!" అని అరిచింది. "నా మొద్దు తలకాయకు తట్టలేదు! ఒరేయ్, మన వాళ్ళలో ఎవరి ముడి ఎవరిదో మేస్త్రికి తెలియదూ? గుడ్డివాడైనా తడిమి చెప్తాడు, ఇది ఎడమచేతి వాటం వాడిదనీ, ఇది ఫలానా ఆమెదనీ!"

నిజమే. పుట్టిన దగ్గర్నుంచీ తాళ్ళతో బతికే మనుషులం, మా ముడులే మా మొహాలు. ఆ సంగతి మాకే గుర్తు లేదు. దువ్వెనక్క మొహం పాలిపోయింది. వేసిన ముడులన్నీ వెనక్కి తీసుకుని కొత్త ముక్కలు పంచారు. అత్త నేల మీద చతికిలబడి అన్ని ముడులూ తనే వేసింది. వేళ్ళు నొప్పి పుడుతుంటే నోట్లో పెట్టుకుని మళ్ళీ వేసేది. తారు తాత చేతులు ముక్కల్ని నల్లగా చేస్తాయని అతని కోసం కిరసనాయిలు గుడ్డ తెచ్చారు. "పెళ్ళినాడు కూడా ఇంత తోమలేదురా నన్ను" అన్నాడాయన.

అప్పుడు దువ్వెనక్క గట్టిగా చెప్పింది. "నడవండి."

ఒక్కొక్కరే వెళ్ళారు. పక్కన ఎవరూ లేకుండా, కర్ర తాళం లేకుండా. గది గుమ్మం దగ్గర కొందరి అడుగు తడబడింది. లోపల కొందరు చాలాసేపు ఉన్నారు. అవతలి తలుపులోంచి వచ్చినవాళ్ళు ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకోలేదు. పెద్దమేస్త్రి కూడా వెళ్ళాడు. చివరికి దువ్వెనక్క వెళ్ళింది.

మొదటి కుండ నేల మీద బోర్లించారు. పెద్దమేస్త్రి మోకాళ్ళ మీద కూర్చుని, ముడి ముక్కలు ఒక పక్కకు, ఉత్త ముక్కలు ఒక పక్కకు పెట్టసాగాడు. రెండు కుప్పలూ సమానంగా పెరిగాయి. ముడులు ముందుకు పోయాయి. కొక్కెం పెదవులు కదులుతున్నాయి, ప్రార్థనో, లెక్కో. మళ్ళీ ఉత్తవి. ఆయన ఒక్క ముక్కను కూడా తడిమి చూడలేదు. ఆ మర్యాద ఆయనలో ఉంది. ఆఖరి ముక్కలు తీసి పెట్టి, రెండు కుప్పలనూ జతలు జతలుగా చేసి చూశాడు. ఉత్తవి కొద్దిగా మిగిలాయి.

"నిర్దోషి" అన్నాడు. లేచి, తారు గది గుమ్మం దగ్గరికి వెళ్ళి, తన కర్ర తీసుకున్నాడు.

ఎవరూ కేకలు వేయలేదు. కొక్కెం కదలలేదు. నేల మీద ఉన్న ముడుల కుప్పనే చూస్తున్నాడు. అది చిన్న కుప్పేమీ కాదు. ఇంతకు ముందు మనిషి వాడంతటికీ దోషి, లేదా వాడంతటికీ నిర్దోషి. ఇప్పుడతను తనను వెళ్ళిపొమ్మన్నవాళ్ళ మధ్యే, వాళ్ళెవరో తెలియకుండా బతకాలి. పెద్దమేస్త్రి భయపడింది కూడా అబద్ధం కాదు.

మర్నాడు పొద్దున చక్రాలు కదిలాయి. కొక్కెం నడుముకు నార చుట్టుకుని వచ్చి తన చోట నిలబడ్డాడు. అతని ఒక పక్కన ఎప్పుడూ నడిచే అన్న మంచంలో ఉన్నాడు. రెండో పక్కవాడికి చక్రం దగ్గర ఏదో పని పడింది. మిగిలినవాళ్ళు ఎవరి నార వాళ్ళు సర్దుకుంటున్నారు. అంత వంగిన మనిషి ఇంకా వంగిపోయాడు.

కొట్టం మూల దువ్వెన చప్పుడు ఆగింది. దువ్వెనక్క లేచి, చీర బిగించుకుని, నడుముకు నార చుట్టుకుంటూ వచ్చి అతని పక్కన నిలబడింది.

"వదినా, ఇది నీ పని కాదు."

"నీతో నాకు మాటల్లేవు. నడువు."

తారు తాత మోకాళ్ళు పట్టుకుని లేచి మూడో కొస తగిలించుకున్నాడు. "ఇవాళ పేనే తాడుకు ఆ దేవుడే దిక్కు" అన్నాడు. పెద్దమేస్త్రి కర్ర ఎత్తాడు. ఆ ముగ్గురినీ చూశాడు. ఎప్పటికంటే నెమ్మదిగా కొట్టడం మొదలుపెట్టాడు.

"నెమ్మది వదినా, నెమ్మది. నువ్వు పరిగెడుతున్నావు."

"నువ్వు ఆగిపోతున్నావు!"

ఆ తాడు ఓడకు పనికిరాలేదు. నిలువునా బొడిపెలు. మధ్యాహ్నం కొక్కెం ఎప్పట్లాగే పెరటి గుమ్మం లోంచి వచ్చి, అన్నను తిప్పి, ఆ తాడు కొస మలిచి అతుకు వేసి, పెరట్లో దండెంగా కట్టిపెట్టాడు. అత్త దాని మీద దుప్పటి ఆరేసింది. మంచం మీద నుంచి భర్త దాన్ని చాలాసేపు చూశాడు.

"ఇంత దరిద్రపు తాడు ఎవరు పేనారే?"

"నేనూ, మీ తమ్ముడూ."

"అతుకు ఎవరు వేశారు?"

"వాడే."

ఆయన తల తిప్పి, "మూడు మలుపులేనా?" అన్నాడు.

దండెం కొస పట్టుకుని ఉన్న కొక్కెం బిగుసుకుపోయాడు. దువ్వెనక్క వెళ్ళి తడి దుప్పటి పక్కకు జరిపి, అతుకును వేళ్ళతో తడిమి చూసింది. ఒకటి. రెండు. మూడు. దుప్పటి మళ్ళీ కప్పేసింది.

"మూడే" అని చెప్పి, ఒక చెయ్యి వేయమని మంచం దగ్గరికి అతన్ని పిలిచింది.